మఖమల్ మీద పళ్లబుట్ట

తెల్లని నూలు మఖమల్ గుడ్డ మీద, కత్తిరించిన కాగితపు స్టెన్సిళ్ల సాయంతో పళ్లనూ పూలనూ రంగుల్లో దిద్దే పద్ధతిని అమెరికాలో థియరమ్ చిత్రకళ అంటారు. పంతొమ్మిదో శతాబ్దపు తొలి సగంలో, అందులోనూ 1820, 1830 దశకాల్లో, న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలోనూ న్యూయార్క్, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లోనూ ఇది బాగా వ్యాపించింది. వేసినవాళ్లలో ఎక్కువమంది బడికి వెళ్లే ఆడపిల్లలు. బొమ్మలు వేసి బతికినవాళ్లు వీళ్లలో అరుదు, బొమ్మ మీద పేరు రాసుకున్నవాళ్లు కొద్దిమందే. ఇవాళ అమెరికాలో పాత వస్తువుల వేలానికి "అమెరికన్ స్కూల్, పంతొమ్మిదో శతాబ్దం" అన్న ఒక్క ముక్క పరిచయంతో వచ్చే పళ్లబుట్ట చిత్రాల్లో చాలా భాగం ఈ కోవకు చెందినవే. కొన్ని వందల డాలర్లకు పోయేవి ఉన్నాయి, పదుల వేలు పలికేవీ ఉన్నాయి. రెండింటికీ స్టెన్సిల్ దాదాపు ఒకటే కావచ్చు. మరి తేడా ఎక్కడ వస్తుందో తెలియాలంటే ఆ గుడ్డ మీద పని ఎలా జరిగిందో చూడాలి.

పళ్లు, పూలు, గిన్నెలు, కత్తులు వంటి కదలని వస్తువుల కూర్పును స్టిల్ లైఫ్ అంటారు. ఐరోపా చిత్రకళా అకాడమీల లెక్కలో దీని స్థానం అట్టడుగున ఉండేది. చరిత్ర, పురాణ ఘట్టాలది పై మెట్టు, ఆ తర్వాత మనుషుల చిత్రాలు, ప్రకృతి దృశ్యాలు, చిట్టచివర పళ్లూ పూలూ. అమెరికాలో ఈ రకం చిత్రాలను తైలవర్ణాల్లో పట్టుదలగా వేసినవాళ్లు ఫిలడెల్ఫియాకు చెందిన పీల్ కుటుంబీకులు. జేమ్స్ పీల్, ఆయన అన్న కొడుకు రఫేల్ పీల్ (1774–1825) వేసిన పళ్ల చిత్రాలు ఇప్పుడు పెద్ద మ్యూజియంలలో ఉన్నాయి. వాళ్లు శిక్షణ పొందిన వృత్తి చిత్రకారులు. థియరమ్ ఆ ధారలోది కాదు, బడిలో పుట్టి ఇంటి గోడ మీద నిలిచిన కళ.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ కొత్త దేశంలో ఆడపిల్లల కోసం అకాడమీలు, సెమినరీలు వరసగా వెలిశాయి. కనెటికట్ రాష్ట్రంలోని లిచ్‌ఫీల్డ్‌లో సారా పియర్స్ 1792లో మొదలుపెట్టిన బడి వాటిలో పేరున్నది. పెన్సిల్వేనియాలోని బెత్లెహేమ్‌లో మొరేవియన్ క్రైస్తవులు నడిపిన బడి ఇంకా పాతది, 1742 నాటిది. వ్యాకరణం, లెక్కలు, భూగోళం రోజువారీ పాఠాలు. కుట్టుపని, సంగీతం, చిత్రలేఖనం అలంకార విద్యలు. వీటికి చాలాచోట్ల విడిగా జీతం కట్టాలి. తల్లిదండ్రులు ఆ ఖర్చు భరించేవారు, ఎందుకంటే పిల్ల చేతిపనిని పటం కట్టించి ముందుగదిలో తగిలిస్తే ఆ ఇంటి చదువూ తాహతూ వచ్చినవాళ్లకు చెప్పకుండానే తెలిసేవి.

చేతితో నేరుగా బొమ్మ గీయడం పట్టుబడాలంటే ఏళ్లు పడుతుంది. పిల్లలు బడిలో ఉండేది చాలాసార్లు కొన్ని నెలలే. ఈ ఇబ్బందిని థియరమ్ తీర్చింది. ఆకారం సంగతి స్టెన్సిల్ చూసుకుంటుంది, రంగు సంగతి పిల్ల చూసుకోవాలి. మాథ్యూ ఫిన్ 1830లో న్యూయార్క్‌లో అచ్చువేసిన పుస్తకం ఈ పద్ధతిని ఆరు పాఠాల్లో నేర్పుతానంది, చిన్నపిల్లలు సైతం వారంలో నేర్చుకోవచ్చని పేరులోనే చెప్పుకుంది. ఇంగ్లండ్‌లోనూ ఇలాంటి పుస్తకాలు వచ్చాయి. అక్కడ ఈ తరహా పనికి మన పూనా పేరు తగిలించి పూనా పెయింటింగ్ అన్నారు, తూర్పు దేశాల వస్తువుల మీద అప్పట్లో ఉన్న మోజే కారణం. వారంలో వచ్చే విద్య అన్న ప్రచారమే తర్వాత ఈ కళకు చేటు తెచ్చింది. తేలికగా నేర్చుకోగలిగింది కాబట్టి తేలిక పని అనుకున్నారు. నేర్చుకోవడం వేరు, బాగా చేయడం వేరు.

పనికి మొదట ఒక మూలచిత్రం కావాలి. అచ్చయిన బొమ్మ నుంచో, టీచరు దగ్గరున్న నమూనా నుంచో, స్నేహితురాలి పటం నుంచో దాని రేఖలను పల్చని కాగితం మీదికి ఎత్తుకుంటారు. అసలు తెలివి తర్వాతి మెట్టులో ఉంది. ఒకదాన్నొకటి తాకే రెండు ఆకారాలు ఒకే స్టెన్సిల్‌లో ఉండకూడదు. ఉంటే వాటి మధ్య కాగితం మిగలదు, రెండు కన్నాలూ కలిసి ఒకటైపోతాయి. అందుకని ప్రతి ఆకారానికీ ఒక అంకె వేస్తారు. ఈ పీచ్ పండుకు ఒకటి, దాన్ని ఆనుకున్న ఆకుకు రెండు, ఆ రెంటినీ ఆనుకున్న ద్రాక్షకు మూడు, దూరంగా ఎవరినీ తాకని చెర్రీకి మళ్లీ ఒకటి. ఒకటో అంకె ఉన్నవన్నీ ఒక కాగితంలో, రెండో అంకెవన్నీ ఇంకో కాగితంలో కోస్తారు. మామూలు కూర్పుకు మూడు నాలుగు కాగితాలు చాలు, చిక్కుగా ఉన్నదానికి అంతకు రెట్టింపు పడతాయి. రంగును బట్టి విడదీయడం కాదిది, పొరుగును బట్టి విడదీయడం. ఎరుపూ ఆకుపచ్చా ఒకే కాగితంలోంచి వేయవచ్చు, పక్కపక్కన లేకపోతే చాలు.

కాగితాన్ని అలాగే వాడితే రంగు తడికి నానిపోతుంది. అందుకు అవిసె నూనె పట్టించి ఆరబెట్టి, పైన వార్నిష్ పూస్తారు. నూనె తాగిన కాగితం గట్టిపడుతుంది, అవతలి గీతలు కనబడేంత పారదర్శకంగానూ అవుతుంది. ఇది పెద్ద సాయం. రెండో కాగితాన్ని గుడ్డ మీద పరచినప్పుడు మొదటి కాగితంతో వేసిన పండు దాని కిందనుంచి కనిపిస్తుంది కాబట్టి ఆకును సరిగ్గా దాని పక్కన కుదర్చవచ్చు. కాగితాలన్నీ ఒకే కొలతకు కోసి మూలలు కలిపి పెట్టుకోవడం ఇంకో జాగ్రత్త. కత్తి మొన పదునుగా ఉండాలి, కోత ఆగకుండా సాగాలి. మధ్యలో తడబడితే ఆ గతుకు ఆ స్టెన్సిల్‌తో వేసిన ప్రతి పండు అంచునా కనిపిస్తుంది.

మఖమల్‌నే ఎందుకు ఎంచుకున్నారంటే దాని నూగు వల్ల. రంగు నూగు కొసల మీద ఆగుతుంది, అడుగుకు దిగదు. వెలుగు పక్కనుంచి పడినప్పుడు ఆ కొసలు మెత్తగా మెరిసి, పీచ్ పండు తోలు మీదుండే సన్నని నూగులా కనిపిస్తాయి. తైలవర్ణంతో ఈ గుణం తెప్పించడానికి వృత్తి చిత్రకారులు చాలా శ్రమపడేవారు, ఇక్కడ గుడ్డే సగం పని చేసిపెడుతుంది. కాకపోతే పొరపాటును మన్నించదు. కాగితం మీద పడ్డ మరకను గీకవచ్చు, మఖమల్ మీద పడ్డ మరక అక్కడే ఉంటుంది. పట్టు మీదా, మంచి అట్ట మీదా కూడా థియరమ్‌లు వేశారు కానీ, ఈ కళకు తగిన గుడ్డ మఖమలే.

రంగు వేయడంలో మొదటి సూత్రం పొడి చేయి. నీళ్లు ఎక్కువైతే రంగు స్టెన్సిల్ అంచు కిందికి పాకి ఆకారం చెదురుతుంది. అందువల్ల నీటిరంగులో తుమ్మబంక కలిపి చిక్కబరుస్తారు. పొట్టి వెంట్రుకలతో, కొస నరికినట్టు బల్లపరుపుగా ఉండే గట్టి కుంచెను అందులో అద్ది, వేరే గుడ్డకు తుడిచి తుడిచి, ఇక రంగు లేదేమో అనిపించేదాకా ఆరనిస్తారు. కుంచెకు బదులు వేలికి గుడ్డ చుట్టుకుని రుద్దేవాళ్లూ ఉన్నారు. రుద్దడం కన్నం మధ్యలోంచి మొదలుపెట్టరు. కుంచెను ముందు స్టెన్సిల్ కాగితం మీద ఆనించి, సున్నాలు చుడుతూ అంచు దాటి గుడ్డ మీదికి వస్తారు. అంచున రంగు చిక్కగా నిలుస్తుంది, లోపలికి పోయేకొద్దీ పల్చబడుతుంది, నడుమ గుడ్డ తెలుపు కొంచెం మిగులుతుంది. ఆ మిగిలిన తెలుపే పండుకు గుండ్రదనం ఇస్తుంది. బయటి గీత కత్తితో కోసినంత స్పష్టంగా, లోపలి నీడ పొగలా మెత్తగా ఉండటం ఈ పద్ధతికే ప్రత్యేకం.

ఒక పీచ్ పండును దగ్గరగా చూస్తే పొరలు తెలుస్తాయి. ముందు పండంతా లేత పసుపు. ఆరాక ఒక పక్క అంచు నుంచి లక్క ఎరుపు, పసుపులో కలిసిపోయేదాకా. తొడిమ దగ్గర కొంచెం గోధుమరంగు. పండును రెండు చెంపలుగా విడదీసే గాడి కోసం వంపు తిరిగిన కాగితపు ముక్కను పండు మీద ఆనించి, దాని అంచు వెంట మరోసారి ఎరుపు రుద్దుతారు, కాగితం తీయగానే ఒక చెంప ముందుకు వచ్చినట్టుంటుంది. ఆకులకూ అదే యుక్తి. వంపు కాగితాన్ని ఈనె ఉండాల్సిన చోట పెట్టి ఒకవైపే నీడ రుద్దితే, గీత గీయకుండానే ఈనె ఏర్పడుతుంది. ద్రాక్ష గుత్తిలో ముందు వరస పళ్లు ఒక స్టెన్సిల్‌లోనూ, వాటి వెనక సగం దాగినవి వేరే స్టెన్సిల్‌లోనూ ఉంటాయి. చేయి తిరిగిన అమ్మాయి ప్రతి పండుకూ ఒకే ఒత్తిడి పెట్టదు. కొన్నింటిని నీలంగా ముదురు చేసి వెనక్కి నెడుతుంది, కొన్నింటిని వదులుగా రుద్ది ముందుకు తెస్తుంది. గుత్తికి బరువు వచ్చేది ఇక్కడే. అన్నింటినీ సమానంగా రుద్దేసిన గుత్తి గోళీలు పేర్చినట్టుంటుంది.

స్టెన్సిళ్ల పని అయ్యాక సన్న కుంచెతోనో కలంతోనో చేత్తో నేరుగా వేసేవి కొన్ని మిగులుతాయి. నులితీగలు, తొడిమలు, పుచ్చకాయ గింజలు, బుట్ట అల్లికలో సన్నని నీడలు. థియరమ్ వేసిన మనిషి ఎలాంటిదో వీటిలో బయటపడుతుంది. తీగ నులి జంకుతూ సాగిందా, ఒక్క ఊపులో చుట్టుకుందా అన్నది రెండు వందల ఏళ్ల తర్వాత కూడా దాచలేని విషయం. రెండు ఆకారాలు కలిసే చోట కొన్నిసార్లు వెంట్రుకంత తెల్ల గీత మిగిలిపోతుంది, స్టెన్సిళ్లు ఆ మేరకు కలవలేదన్నమాట. నిపుణులు దీన్ని లోపంగా చూడరు, స్టెన్సిల్ పని అనడానికి సాక్ష్యంగా చూస్తారు.

ఈ చిత్రాల్లో పళ్లు రాశిగా పోసి ఉంటాయి. పీచ్, పియర్, ద్రాక్ష, చెర్రీ, స్ట్రాబెరీ, దానిమ్మ, వాటి పక్కన ఎర్రగా కోసిన పుచ్చకాయ ముక్క, ఒక్కోసారి దానికి ఆనించిన కత్తి. అల్లిన బుట్ట గానీ, కాలున్న గాజు గిన్నె గానీ, నీలి చైనా పింగాణీ పాత్ర గానీ ఆధారం. పైన ఒక పిట్ట, పక్కన సీతాకోకచిలుక. అనాస పండు ఉంటే అది సంపదకు గుర్తు, వెచ్చని సముద్రాల నుంచి ఓడలో రావాలి కాబట్టి. వేసవి మొదట్లో పండే స్ట్రాబెరీ, శరదృతువులో పండే ద్రాక్ష ఒకే బుట్టలో ఉన్నాయంటే ఎదురుగా పెట్టుకుని చూసి వేసింది కాదని అర్థం. దృష్టికోణం కూడా శాస్త్రానికి లొంగదు. బుట్ట మూతి పైనుంచి చూసినట్టు, అడుగు ఎదురుగా చూసినట్టు ఉంటుంది. బల్ల మీద నీడ పడదు, పడినా పచ్చని మట్టిదిబ్బలా తేలుతుంది. ఏ పండూ ఇంకోదాని వెనక పూర్తిగా దాక్కోదు, ప్రతిదీ తన ఆకారాన్ని చూపించుకుంటుంది. ఇరవయ్యో శతాబ్దంలో నవీన చిత్రకారులకు నచ్చింది సరిగ్గా ఇదే.

నకలు కదా, దీనిలో గొప్పేముంది అన్న ఆక్షేపణ ఈ కళను మొదటినుంచీ వెన్నంటి ఉంది. నమూనాలు చేతులు మారేవి, ఒకే బుట్ట వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు చేతుల్లో కనిపిస్తుంది. అయితే అలాంటి రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆక్షేపణకు బలం ఉండదు. ఒకదానిలో పళ్లు బిగిసి గుడ్డకు అంటుకుపోయి ఉంటాయి, రెండోదానిలో ఊపిరి పోసుకుని ఉంటాయి. ఏ పండు పక్కన ఏ రంగు, ఎక్కడ ఆపాలి, ఎంత తెలుపు వదలాలి అన్న నిర్ణయాలు స్టెన్సిల్‌లో లేవు. పైగా చాలామంది నమూనా మొత్తాన్ని దించుకోలేదు. ఒకచోటి పుచ్చకాయను, మరోచోటి పిట్టను తీసుకుని, తలకిందులు చేసి, కుడిదాన్ని ఎడమకు తిప్పి తమ కూర్పు తాము చేసుకున్నారు. అచ్చు అందరిదీ అయిన కళలో చేతిని మెచ్చుకోవడం నేర్చుకోవాలి. అలా మెచ్చుకోవడం రానివాళ్లు వీటిని బడిపిల్లల అభ్యాసాలుగా కొట్టిపారేశారు.

ఎమ్మా కేడీ సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. గాజు గిన్నెలో పళ్లు ఉన్న ఆమె చిత్రాలు థియరమ్ కళలో శిఖరం వంటివి. కాగితం మీద వేసినవి అవి. ద్రాక్ష, పీచ్, పియర్ పళ్లు కాలున్న గాజు గిన్నెలో అద్దినంత శుభ్రంగా అమరి ఉంటాయి, నీడలు ఎక్కడా మురికి పడవు. న్యూయార్క్‌లోని అమెరికన్ ఫోక్ ఆర్ట్ మ్యూజియం ప్రదర్శించిన చిత్రంలో గాజు తళుకు కోసం ఆమె కాకిబంగారం పొడిని అద్దింది. శైలిని బట్టి ఈ బొమ్మలు 1820 ప్రాంతానివని పరిశోధకులు చాలాకాలం నమ్మారు. 1970 దశకం చివర స్థానిక దస్తావేజులు తిరగేస్తే తేలిందేమిటంటే, ఎమ్మా కేడీ న్యూయార్క్ రాష్ట్రంలోని ఈస్ట్ చాతమ్ వాసి, పుట్టింది 1854లో, పోయింది 1933లో. ఆ చిత్రాల కాలం 1890 దశకానికి జరిగింది. చలామణీ పోయిందనుకున్న విద్యను ఒక పల్లెటూరి మహిళ అరవై, డెబ్బై ఏళ్ల తర్వాత దాని తొలినాళ్ల కంటే మిన్నగా చేసి చూపించింది. శైలి ఒక్కదాన్నే పట్టుకుని కాలం నిర్ణయిస్తే ఎంత దూరం పొరబడవచ్చో చెప్పడానికి వేలం నిపుణులు ఇప్పటికీ తలుచుకోదగ్గ ఉదాహరణ ఇది.

సాధారణంగా చూస్తే 1840 తర్వాత ఈ వేడి చల్లారింది. ఇళ్లలో ఉన్ని కుట్టుపని ఫ్యాషన్ అయింది. 1860ల నాటికి చవకైన రంగుల లిథోగ్రాఫులు వచ్చాయి, పళ్లబుట్ట కావాలంటే దుకాణంలో కొనుక్కోవచ్చు. చిత్రలేఖనం నేర్పేవాళ్లు కూడా ఎదురుగా వస్తువు పెట్టుకుని గీయడమే చదువు అనసాగారు. మఖమల్ పటాలు అటకలెక్కాయి.

వాటిని దించినవాళ్లు చిత్రకారులే. మెయిన్ రాష్ట్రంలో సముద్రతీరాన ఉన్న ఒగన్‌క్విట్‌కు వేసవుల్లో వెళ్లే న్యూయార్క్ చిత్రకారులు 1910, 1920 దశకాల్లో అక్కడి పాత ఇళ్లలో, సంతల్లో ఇలాంటివి కొనుక్కుని తమ గదుల్లో పెట్టుకునేవారు. 1924లో న్యూయార్క్‌లోని విట్నీ స్టూడియో క్లబ్ తొలినాటి అమెరికన్ కళ పేరిట ప్రదర్శన పెట్టింది. క్యూరేటర్ హోల్గర్ కేహిల్ 1930లో న్యూఅర్క్ మ్యూజియంలోనూ, 1932లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలోనూ సామాన్యుల కళను ప్రదర్శించాడు. 1932 ప్రదర్శనలోని వస్తువుల్లో అత్యధికం ఆబీ ఆల్డ్రిచ్ రాక్‌ఫెల్లర్ సేకరణలోవి. ఆమెకు కొనిపెట్టడంలో ఎడిత్ హాల్పర్ట్ అనే గ్యాలరీ యజమానురాలి చూపు కీలకం. ఆ సేకరణలో ముఖ్య భాగం 1939లో వర్జీనియాలోని కొలోనియల్ విలియమ్స్‌బర్గ్‌కు చేరింది, దాని కోసం 1957లో ప్రత్యేక మ్యూజియం తెరిచారు. ఎడ్గర్, బెర్నీస్ గార్బిష్ దంపతులు తాము పోగుచేసిన చిత్రాలను 1953 నుంచి వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీకి ఇస్తూ వచ్చారు. పెద్ద మ్యూజియం గోడ ఎక్కాక బజారులోనూ ధర పెరిగింది.

ఇప్పుడు ఇవి ఎక్కువగా చేతులు మారేది వేలాల్లో. ఏటా జనవరిలో న్యూయార్క్‌లో అమెరికానా వారం జరుగుతుంది. పెద్ద వేలం సంస్థలు పాత అమెరికన్ ఫర్నిచర్, వెండి, జానపద కళ వేలాలను ఆ రోజుల్లోనే పెట్టుకుంటాయి. న్యూ ఇంగ్లండ్‌లోనూ పెన్సిల్వేనియాలోనూ ప్రాంతీయ వేలం సంస్థల దగ్గర ఏడాది పొడవునా వస్తుంటాయి. జానపద కళా సేకర్తలుగా పేరున్న నీనా ఫ్లెచర్ లిటిల్, బెర్ట్రమ్ లిటిల్ దంపతుల సేకరణను 1994లో సదబీస్ వేలం వేసినప్పుడు కొన్నవాళ్లు వస్తువుతో పాటు ఆ పేరునూ కొన్నారు. ఎవరి ఇంట్లోంచి వచ్చింది, ఎవరెవరి చేతులు మారింది అన్న వంశావళికి ఈ బజారులో అంత విలువ ఉంది.

వేలం కేటలాగులో ప్రతి చిత్రానికీ కనిష్ఠ, గరిష్ఠ అంచనాలు ముద్రిస్తారు. అమ్మేవాడు ఇంతకు తక్కువకు ఇవ్వనని చెప్పే రిజర్వు ధర గుట్టుగా ఉంటుంది, అది కనిష్ఠ అంచనాను మించకూడదన్నది పద్ధతి. పాట ఆ మేరకు రాకపోతే చిత్రం వెనక్కి పోతుంది. సుత్తి పడిన ధర కొన్నవాడు కట్టే మొత్తం కాదు. దాని మీద కొనుగోలుదారు రుసుము ఉంటుంది, చాలాచోట్ల ఇరవై శాతం పైనే. నాలుగు వేల డాలర్లకు సుత్తి పడి, రుసుము ఇరవై ఐదు శాతమైతే చేతినుంచి పోయేది ఐదు వేలు, పన్ను అదనం. పత్రికల్లో వచ్చే ధరలు రుసుము కలిపినవా కాదా అన్నది చూసుకోకపోతే రెండు చిత్రాల ధరలను పోల్చడం తప్పుదారి పట్టిస్తుంది.

ధర నిర్ణయించే గుణాలు చాలానే ఉన్నా అన్నింటికీ సమాన బరువు లేదు. కూర్పు బలం, రంగు తాజాదనం ముందు. కొలత పెద్దదైతే, పిట్టో కత్తో వంటి అరుదైన వస్తువు ఉంటే పాట పెరుగుతుంది. వేసినామె పేరు, ఊరు, సంవత్సరం వెనక రాసి ఉంటే ఇంకా పెరుగుతుంది, పాత రోజుల చెక్క పటం అలాగే ఉంటే మరికొంత. ఒక్కోసారి బొమ్మ కంటే దాని పటానికే ఎక్కువ డబ్బు పెట్టేవాళ్లు ఉంటారు, అది బజారు సంగతి. కంటికి బలమైన చిత్రం పేరు లేకపోయినా నిలబడుతుంది, బలహీనమైనదాన్ని పేరు ఎంతోకాలం మోయలేదు.

కొనేముందు వెనకవైపు చూడటం ముందువైపు చూసినంత ముఖ్యం. రెండు వందల ఏళ్ల మఖమల్ తెల్లగా ఉండదు, లేత మీగడ రంగుకో తేనె రంగుకో తిరుగుతుంది. ఆ రంగు పటం అంచు కింద దాగినచోట వేరుగా, వెలుగు తగిలినచోట వేరుగా ఉండాలి. గుడ్డంతా ఒకే తీరుగా గోధుమరంగులో ఉంటే టీ నీళ్లలో ముంచి పాతగా చేశారేమో అని అనుమానించాలి. చీకట్లో అతినీలలోహిత లాంతరు పట్టడం ఇంకో పరీక్ష. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గుడ్డలకూ కాగితాలకూ తెల్లదనం కోసం కలుపుతూ వచ్చిన రసాయనాలు ఆ వెలుగులో నీలితెలుపుగా మండుతాయి. నిజంగా 1830 నాటి గుడ్డ అలా మండదు.

కొత్తవన్నీ మోసాలని కాదు. ఇరవయ్యో శతాబ్దంలో ఈ విద్యను ప్రేమతో కొనసాగించినవాళ్లు ఉన్నారు. పెన్సిల్వేనియాకు చెందిన డేవిడ్ ఎలింగర్ (1913–2003) వారిలో ముఖ్యుడు. ఆయన సంతకం ఉన్న థియరమ్‌లకు ఇప్పుడు వాటికవిగా గిరాకీ ఉంది, వేలాల్లో తరచూ కనిపిస్తాయి. ఎలింగర్ బొమ్మను ఎలింగర్ బొమ్మగా కొనుక్కోవడం మంచి కొనుగోలే. సంతకం మాసిపోయిన కొత్త బొమ్మను పాతదనుకుని కొన్నప్పుడే చిక్కు.

రంగులు కూడా వయసు చెబుతాయి. ఆకుపచ్చ కోసం అప్పట్లో ప్రష్యన్ నీలంలో గాంబోజ్ కలిపేవారు. గాంబోజ్ ఆగ్నేయాసియా చెట్ల పాలనుంచి వచ్చే పసుపు. వెలుగుకు గాంబోజ్ ఆగదు, నీలం దానికన్నా గట్టిది. ఏళ్ల తరబడి కిటికీ ఎదుట తగిలించిన చిత్రంలో పసుపు ఎగిరిపోయి ఆకులు నీలంగా మిగులుతాయి. మెక్సికో పురుగుల నుంచి తీసిన కార్మైన్ ఎరుపు కూడా వెలిసిపోతుంది, చెర్రీలు లేత గులాబీకి దిగుతాయి. పటం తీస్తే అంచు కింద దాగిన ఒక ఆకు కొన ఇంకా పచ్చగా కనబడవచ్చు. అదే ఆ చిత్రం మొదటి రంగు. నీలి ఆకులను కొందరు ఆ కాలపు అభిరుచి అనుకుంటారు, చాలాసార్లు అది వెలుగు చేసిన పని.

అందువల్ల మ్యూజియంలు వీటిని యాభై లక్స్ దాటని మసక వెలుగులో, అదీ కొన్ని నెలలు మాత్రమే ప్రదర్శించి మళ్లీ చీకటి అరల్లో పెడతాయి. ఇంట్లో పెట్టుకున్నవాళ్లు ఎండ తగలని గోడ చూసుకోవాలి, అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం వేయించాలి. అద్దం మఖమల్‌ను తాకకుండా మధ్య ఖాళీ ఉండాలి, లేకపోతే నూగు అణిగిపోతుంది, తేమ చేరి బూజు పడుతుంది. పాత పటాల వెనక వాడిన పైన్ పలకలు ఆమ్లాన్ని విడుస్తాయి. పలకలోని ముడి ఆకారం గుడ్డ మీద గోధుమరంగు మచ్చగా దిగిన చిత్రాలు ఎన్నో ఉన్నాయి. పలకను పారేయకూడదు, దాని మీద పేరో ఊరో రాసి ఉండవచ్చు, పాత మేకులు కూడా ఆధారాలే. గుడ్డకూ పలకకూ మధ్య ఆమ్లరహిత అట్ట పెట్టిస్తే సరిపోతుంది. దుమ్ము పడిందని బ్రష్‌తో దులపడం, తడి గుడ్డతో తుడవడం అసలు చేయరాదు. తుమ్మబంకతో నూగు కొసల మీద నిలిచిన రంగు నీటి చుక్కకు కరిగి కదులుతుంది, పొడి బ్రష్‌కు రాలుతుంది. శుభ్రం చేయవలసి వస్తే అది గుడ్డల సంరక్షణ తెలిసిన నిపుణుల పని, వాళ్లు కూడా చాలాసార్లు ఉన్నదున్నట్టు వదిలేయమనే చెబుతారు.